నడుస్తున్న ట్రేస్ వేరు, రాసిపెట్టిన ట్రేస్ వేరు

గుంటూరులో ఎండుమిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీకి మేము విజయవాడ నుంచి సాఫ్ట్‌వేర్ చూసిపెడుతుంటాం. కొత్త మిర్చి వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ గేటు ముందు లారీలు బారులు తీరుతాయి. దింపిన ప్రతి లాటుకూ రైతు పేరు, టిక్కీల (బస్తాల) లెక్క, తూకం, గది నంబరు కంప్యూటర్‌లో ఎక్కితేనే రసీదు వస్తుంది, రసీదు చేతిలో పడితేనే లారీ కదులుతుంది. ఒక మార్చి నెల శుక్రవారం సాయంత్రం, సేవ్ నొక్కాక తెర ఒక్కోసారి రెండేసి నిమిషాలు కదలడం లేదని అక్కడి గుమాస్తా ఫోన్ చేశాడు. సర్వర్ తన పని గురించి రాసుకునే మామూలు లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. ట్రేస్, అంటే సర్వర్ లోపల అడుగడుగునా ఏం జరుగుతోందో రాసే వివరమైన నమోదు, ఆన్ చేసి, సోమవారం వచ్చి చూద్దామని ఇళ్లకు వెళ్లాం.

నెలకొకసారి శనివారం తెల్లవారుజామున సర్వర్‌ను ఆపి, బ్యాకప్ తీసి, మళ్లీ లేపే పని ఒకటి ఆ మెషిన్‌లో దానంతట అదే నడుస్తుందన్న సంగతి మాకు గుర్తు లేదు. సోమవారం చూస్తే ట్రేస్ ఆ తెల్లవారుజామునే ఆగిపోయి ఉంది, లారీలు వచ్చిన పగటిపూట గురించి అందులో ఒక్క వరుస లేదు. ఈసారి అలా జరగకూడదని ట్రేస్‌ను సర్వర్ కాన్ఫిగరేషన్‌లోనే రాసిపెట్టి, రీస్టార్ట్ చేసి, రెండు రోజుల్లో సమస్యను పట్టుకున్నాం. ఆ తరువాత ట్రేస్ ఆపేశాం, కనీసం ఆపేశామనుకున్నాం. ఏప్రిల్‌లో అదే బ్యాకప్ మళ్లీ నడిచిన ఉదయం నుంచి సర్వర్ కాళ్లీడ్చసాగింది, ఎందుకంటే మేము ఆపింది ఆ సమయానికి నడుస్తున్న ప్రాసెస్‌లోని ట్రేస్‌ను మాత్రమే. ఫైల్లో రాసిపెట్టినది చెక్కుచెదరకుండా ఉంది, రీస్టార్ట్ కాగానే లేచి కూర్చుంది.

పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. జావా ప్రోగ్రామ్‌లను నడిపే అప్లికేషన్ సర్వర్‌లో ట్రేస్ అమరిక రెండు చోట్ల ఉంటుంది: ఒకటి నడుస్తున్న ప్రాసెస్ మెమరీలో, రెండోది డిస్క్ మీది కాన్ఫిగరేషన్‌లో. పేరు, విలువ జతలుగా రాసే ప్రాపర్టీస్ ఫైళ్లు, స్క్రిప్టులు, బ్రౌజర్‌లో తెరిచే అడ్మిన్ కన్సోల్ అన్నీ ఈ రెండు చోట్లకు చేరే దారులే. ఏ దారి ఎక్కడికి చేరుస్తుందో, ఎక్కడికి చేర్చదో తెలియకపోవడం వల్లనే ఈ విషయం ఉన్నదానికంటే జటిలంగా కనిపిస్తుంది. ఐబీఎం వెబ్‌స్ఫియర్ అప్లికేషన్ సర్వర్‌లో ఈ తికమక అన్నిటికంటే ఎక్కువ కాబట్టి ప్రధానంగా దానినే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇలాంటివే అయిన టామ్‌క్యాట్, లిబర్టీ, వైల్డ్‌ఫ్లై సంగతులు సందర్భం వచ్చినప్పుడు చెబుతాను. కమాండ్లనూ ట్రేస్ పేర్లనూ ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను. ఫైళ్లలో మాత్రం వాటిని ఆంగ్ల అక్షరాల్లో, పెద్దక్షరం చిన్నక్షరం తేడా తప్పకుండా రాయాలి.

ఎవరు మాట్లాడాలి, ఎంత మాట్లాడాలి

మామూలు లాగ్ అంటే బయటివాళ్లకు తెలియాల్సినదని ప్రోగ్రామ్ రాసినవాళ్లు అనుకున్న సమాచారం. ట్రేస్ వాళ్లు తమకోసం రాసుకున్న గుర్తులు: ప్రోగ్రామ్ ఏ మెథడ్‌లోకి (ఒక పని చేసే ముక్కలోకి) ఎప్పుడు వెళ్లింది, ఏ విలువలతో వెళ్లింది, ఎప్పుడు బయటికి వచ్చింది. జావాలో దీనికి పునాది 2002లో జావా 1.4తో వచ్చిన లాగింగ్ ప్యాకేజీ. అందులో సందేశాలు పంపే ప్రతి లాగర్‌కూ ఒక పేరు, ప్రతి సందేశానికీ ఒక స్థాయి ఉంటాయి. స్థాయి అంటే లోపల ఒక అంకె మాత్రమే. సివియర్ 1000, వార్నింగ్ 900, ఇన్ఫో 800, కాన్ఫిగ్ 700, ఫైన్ 500, ఫైనర్ 400, ఫైనెస్ట్ 300. లాగర్‌కు పెట్టిన అంకె కంటే చిన్న అంకె ఉన్న సందేశం అక్కడే ఆగిపోతుంది. వెబ్‌స్ఫియర్ వీటికి ఫేటల్, ఆడిట్, డీటెయిల్ వంటివి కొన్ని కలుపుకుంది. పాత పత్రాల్లో కనిపించే ఈవెంట్, ఎంట్రీఎగ్జిట్, డీబగ్ అనేవి వరుసగా ఫైన్, ఫైనర్, ఫైనెస్ట్‌ల పాత పేర్లే కాబట్టి వాటిని చూసి కంగారు పడనక్కరలేదు.

వెబ్‌స్ఫియర్‌లో ఏ లాగర్ ఏ స్థాయిలో మాట్లాడాలో అంతా ఒకే వరుసలో రాస్తారు. దానిని ట్రేస్ స్పెసిఫికేషన్ అంటారు, నోటి మాటగా ట్రేస్ స్ట్రింగ్ అంటారు. కోల్డ్ స్టోరేజీ సమస్యకు మేము వాడినది ఇది:

*=ఇన్ఫో:డబ్ల్యూఏఎస్.జే2సీ=ఆల్:ఆర్ఆర్ఏ=ఆల్

కోలన్ ఒక్కో నియమాన్ని విడదీస్తుంది; సమానం గుర్తుకు ఎడమన పేరు, కుడిన స్థాయి. మొదటి ముక్క అందరినీ ఇన్ఫో దగ్గర ఉంచుతుంది, మిగతా రెండూ డేటాబేస్ కనెక్షన్ పూల్‌కు (ముందే తెరిచి పంచుకునే కనెక్షన్ల గుంపుకు) సంబంధించిన భాగాలను మాత్రమే పూర్తిగా మాట్లాడిస్తాయి. ఇవి ప్యాకేజీ పేర్లు కావు, ఐబీఎం కొన్ని లాగర్లను కలిపి పెట్టిన గ్రూపు పేర్లు. గ్రూపు పేరు తెలిసినప్పుడు అదే వాడటం మేలు, ఎందుకంటే ప్యాకేజీ పేరు చివర నక్షత్రం పెట్టి రాసినప్పుడు అక్కరలేనివి ఎన్నో కొట్టుకొస్తాయి.

ఈ వరుసను సర్వర్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది, తరువాత వచ్చిన నియమం ముందరిదానిని కొట్టివేయగలదు. అంటే *=ఇన్ఫో అనే ముక్కను పొరపాటున చివర రాస్తే, దానికి ముందు మీరు జాగ్రత్తగా రాసిన నియమాలన్నీ గాలికి పోతాయి. సర్వర్ ఏ ఫిర్యాదూ చెయ్యదు, ట్రేస్ కూడా రాయదు. ట్రేస్ రావడం లేదని ఎవరైనా చెప్పినప్పుడు నేను మొదట చూసేది ఆ వరుసలో *=ఇన్ఫో ఎక్కడుందో.

రెండోది చూడాల్సింది హ్యాండ్లర్. ప్రకాశం బ్యారేజీ దగ్గర బందరు కాలువకో ఏలూరు కాలువకో నీళ్లు వదిలినంత మాత్రాన చివరి ఎకరం తడవదని ఇక్కడి రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. బోదె దగ్గరి తూము కూడా తెరిచి ఉండాలి. లాగర్ స్థాయి కాలువకు వదిలిన నీరు, హ్యాండ్లర్ స్థాయి పొలం దగ్గరి తూము. జావా లాగింగ్‌లో సందేశాన్ని ఫైల్‌లోకో తెర మీదికో రాసే హ్యాండ్లర్‌కు తనదైన స్థాయి వేరుగా ఉంటుంది, జావాతో వచ్చే కన్సోల్ హ్యాండ్లర్‌కు అది మనం మార్చకపోతే ఇన్ఫోయే. టామ్‌క్యాట్ లాగింగ్ ప్రాపర్టీస్‌లో లాగర్‌ను ఫైనెస్ట్‌కు దించి, హ్యాండ్లర్‌ను ముట్టుకోకుండా, ఫైల్లో ఏమీ పడటం లేదని గంటలు వెతికినవాళ్లను చూశాను. అలా వెతికినవాళ్లలో నేనూ ఉన్నాను. వెబ్‌స్ఫియర్‌లో ట్రేస్ స్ట్రింగ్‌కూ ట్రేస్ ఫైల్‌కూ మధ్య ఈ తూము మనకు కనిపించదు, అందుకే అక్కడ అలవాటుపడి టామ్‌క్యాట్‌కు వచ్చినవాళ్లకే ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది.

ఒకే పేరుతో నాలుగు రకాల ఫైళ్లు

ప్రాపర్టీస్ ఫైల్‌లో ట్రేస్ పెట్టండి అని ఎవరైనా చెబితే, ముందు ఏ ప్రాపర్టీస్ ఫైల్ అని అడగాలి. ఒకే పేరుతో పిలుచుకునే ఈ ఫైళ్లు పనిలో ఒకదానికొకటి పొంతన లేనివి.

టామ్‌క్యాట్ లాగింగ్ ప్రాపర్టీస్ అన్నిటికంటే సూటిగా ఉంటుంది. కాన్ఫ్ డైరెక్టరీలో ఉండే ఆ ఫైల్‌ను జావా ప్రాసెస్ లేచేటప్పుడు ఒకసారి చదువుతుంది, అంతే. ఫైల్ మారిస్తే రీస్టార్ట్ చెయ్యాలి. నడుస్తున్నప్పుడు మార్చాలంటే నడుస్తున్న జావా ప్రోగ్రామ్‌ను బయటి నుంచి అదుపు చేసే జేఎంఎక్స్ ద్వారా లాగర్ స్థాయి మార్చుకోవచ్చు గానీ అది ఫైల్‌లోకి రాదు. అందులో హ్యాండ్లర్ పేర్ల ముందు 1క్యాటలినా, 2లోకల్‌హోస్ట్ అని అంకెలు ఎందుకున్నాయని కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఒకే రకం హ్యాండ్లర్‌ను వేర్వేరు ఫైళ్ల కోసం పలుమార్లు వాడుకునేందుకు అంకెతో మొదలై చుక్కతో ముగిసే ఆ ముందుమాట కావాలి. దానిని అందం కోసమనుకుని తీసేస్తే హ్యాండ్లర్లు కలగాపులగమవుతాయి.

రెండోది లిబర్టీలోని బూట్‌స్ట్రాప్ ప్రాపర్టీస్. దానిని సర్వర్ లేచే మొదటి క్షణాల్లోనే, ప్రధాన అమరికల ఫైలైన సర్వర్ ఎక్స్ఎంఎల్ కంటే ముందు చదువుతుంది. కాబట్టి సర్వర్ లేవడంలోనే ఇబ్బంది ఉన్నప్పుడు ట్రేస్ పెట్టాల్సింది అక్కడ. అదే అమరిక సర్వర్ ఎక్స్ఎంఎల్‌లో కూడా ఉంటే, దానిని చదివిన క్షణం నుంచి దాని మాటే చెల్లుతుంది. పైగా సర్వర్ ఎక్స్ఎంఎల్‌లో చేసిన మార్పును లిబర్టీ రీస్టార్ట్ లేకుండానే పట్టుకుంటుంది, అంటే అక్కడ రాసిపెట్టినదీ నడుస్తున్నదీ దాదాపు ఒకటే. మాకు గుంటూరులో తగిలిన చిక్కు లిబర్టీలో వచ్చేది కాదు. వైల్డ్‌ఫ్లైలోనూ అంతే: జేబాస్ సీఎల్ఐ అనే కమాండ్ సాధనం నుంచి లాగర్ స్థాయి మారిస్తే ఆ మార్పు నడుస్తున్న సర్వర్‌కూ, దాని కాన్ఫిగరేషన్ ఫైలైన స్టాండలోన్ ఎక్స్ఎంఎల్‌కూ ఒకేసారి చేరుతుంది. అయితే వైల్డ్‌ఫ్లై కాన్ఫిగరేషన్ డైరెక్టరీలోనూ లాగింగ్ ప్రాపర్టీస్ అనే ఫైల్ ఒకటి కనిపిస్తుంది. అది సర్వర్ తానే రాసుకునేది. చేత్తో దిద్దితే ఆ దిద్దుబాటును మళ్లీ తుడిచేస్తుంది.

మూడోది వెబ్‌స్ఫియర్‌లోని డబ్ల్యూఎస్అడ్మిన్ ప్రాపర్టీస్. అందులో ట్రేస్‌స్ట్రింగ్ అనే పేరుతో ఒక వరుస ఉంటుంది, దానిని చూడగానే కావలసింది దొరికిందనుకుని ట్రేస్ స్ట్రింగ్ అక్కడ రాసేస్తారు. నిజానికి అది డబ్ల్యూఎస్అడ్మిన్ అనే స్క్రిప్టింగ్ సాధనం సొంత ట్రేస్. స్క్రిప్టు సర్వర్‌కు ఎందుకు కనెక్ట్ కావడం లేదో తెలుసుకోవడానికి పనికొస్తుంది తప్ప, సర్వర్ లోపల జరిగేది దానితో ఒక్క వరుస కూడా బయటికి రాదు.

నాలుగోది, వెబ్‌స్ఫియర్ 7.0తో 2008లో వచ్చిన ప్రాపర్టీస్ ఆధారిత కాన్ఫిగరేషన్. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఫైల్‌ను సర్వర్ ఎన్నడూ చదవదు. అది ఒక దరఖాస్తు లాంటిది. డబ్ల్యూఎస్అడ్మిన్ సాధనంలోని అడ్మిన్‌టాస్క్ అనే భాగంలోని ఎక్స్‌ట్రాక్ట్‌కాన్ఫిగ్‌ప్రాపర్టీస్ కమాండ్‌తో ఉన్న కాన్ఫిగరేషన్‌ను ఆ ఫైల్‌గా బయటికి తీసి, దిద్ది, అప్లైకాన్ఫిగ్‌ప్రాపర్టీస్‌తో తిరిగి లోపలికి పంపుతాం. ఆ రాకపోకల్లో నిజంగా మారేది సర్వర్ ఎక్స్ఎంఎల్. అప్లై అయినంత మాత్రాన అదీ మారదు. అడ్మిన్‌కాన్ఫిగ్ సేవ్ అని విడిగా చెప్పాలి. అనేక సర్వర్లను ఒకే చోటి నుంచి నిర్వహించే డిప్లాయ్‌మెంట్ మేనేజర్ ఉన్న చోట సేవ్ అయినది దాని దగ్గరి ప్రధాన ప్రతిలోకి మాత్రమే వెళుతుంది, అక్కడి నుంచి నోడ్లకు (సర్వర్లు నడిచే మెషిన్లకు) సింక్ కావాలి. సింక్ అయ్యాక కూడా నడుస్తున్న సర్వర్ కొత్త స్టార్టప్ విలువను రీస్టార్ట్ అయ్యేదాకా పట్టించుకోదు. దరఖాస్తు పెట్టినవాడికి ఫైల్ ఏ టేబుల్ మీద ఉందో తెలిసినట్టే, ఈ నాలుగు మెట్లలో మార్పు ఎక్కడ ఆగిందో తెలిస్తే చాలు.

ఆ ఫైల్లో ట్రేస్‌కు సంబంధించిన భాగం చిన్నదే. రిసోర్స్‌టైప్ ట్రేస్‌సర్వీస్ అని, రిసోర్స్‌ఐడీలో సెల్ (నోడ్ల సముదాయం), నోడ్, సర్వర్ పేర్లు అని ముందు ఉంటాయి. ఆ పేర్లను నేరుగా రాయకుండా ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే మీసాల బ్రాకెట్లలో చరరాశులుగా ఉంచి, వాటి అసలు విలువలను ఫైల్ చివరి భాగంలో ఇస్తారు; ఒకే ఫైల్‌ను టెస్ట్ సర్వర్‌కూ అసలు సర్వర్‌కూ వాడుకోగలగడం ఈ పద్ధతిలోని పెద్ద సుఖం. తరువాత స్టార్టప్‌ట్రేస్‌స్పెసిఫికేషన్, ట్రేస్‌ఫార్మాట్, ట్రేస్‌అవుట్‌పుట్‌టైప్, మెమరీబఫర్‌సైజ్ వంటి వరుసలు వస్తాయి. సర్వర్ మొత్తం బయటికి తీస్తే ఫైల్ చాంతాడంత అవుతుంది కాబట్టి, అక్కరలేని భాగాలన్నీ తీసేసి ట్రేస్ భాగం, చరరాశుల భాగం మాత్రమే మిగుల్చుకుని అప్లై చెయ్యడం నా అలవాటు. అప్లై కంటే ముందు వ్యాలిడేట్‌కాన్ఫిగ్‌ప్రాపర్టీస్ ఒకసారి నడిపి రిపోర్టు చూసుకుంటే తప్పు పేర్లు అక్కడే దొరుకుతాయి.

ఇక ప్రాపర్టీస్ ఫైల్ రాత గురించి. జావా నియమం ప్రకారం వరుసలో మొదట ఎదురైన సమానం గుర్తో, కోలనో, ఖాళీయో పేరును విలువ నుంచి విడదీస్తుంది. ఆ తరువాత ఎన్ని సమానాలు, ఎన్ని కోలన్లు వచ్చినా అవన్నీ విలువలో భాగమే. అందుకే ట్రేస్ స్ట్రింగ్‌ను ఏ మార్పూ లేకుండా విలువగా రాసెయ్యవచ్చు. విలువకు ముందున్న ఖాళీలు రాలిపోతాయి గానీ వెనకున్న ఖాళీలు రాలవు, అలాగే ఉండిపోతాయి. కంటికి కనిపించని ఆ ఒక్క ఖాళీ వల్ల ఫైన్ అనే స్థాయి, చివర ఖాళీ ఉన్న మరో తెలియని పదమవుతుంది. చదివే ప్రోగ్రామ్ ఆ ఖాళీని తానే కత్తిరిస్తే బతికిపోతాం, లేకపోతే లేదు. విండోస్ మెషిన్‌లో ఇంకో తమాషా ఉంది. డీ డ్రైవ్, లాగ్స్ ఫోల్డర్, ట్రేస్ డాట్ లాగ్ అని వెనక్కి వాలిన గీతలతో దారి రాస్తే, లాగ్స్ ముందున్న గీత మాయమవుతుంది. ట్రేస్ ముందున్న గీత ఆంగ్లపు టీ అక్షరంతో కలిసి ట్యాబ్ అవుతుంది, ఫైల్ పేరు రేస్ డాట్ లాగ్‌గా మిగులుతుంది. గీతలను రెండేసి రాయాలి, లేదా ముందుకు వాలిన గీత వాడాలి.

హ్యాష్ గుర్తు కథ వేరు. మామూలు జావా ప్రాపర్టీస్ ఫైల్‌లో వరుస మొదట్లో ఉంటేనే అది వ్యాఖ్య. విలువ తరువాత రాస్తే అదీ విలువలో కలిసిపోతుంది. వెబ్‌స్ఫియర్ బయటికి తీసి ఇచ్చే ఫైల్‌లో మాత్రం చాలా విలువల పక్కన హ్యాష్ పెట్టి, ఇది అంకె, మామూలు విలువ ఇది అని రాసి ఉంటుంది, తిరిగి లోపలికి పంపేటప్పుడు దానిని వ్యాఖ్యగానే తీసుకుంటుంది. ఆ అలవాటుతో టామ్‌క్యాట్ ఫైల్‌లో స్థాయి పక్కన హ్యాష్ పెట్టి తాత్కాలికం అని రాసుకుంటే స్థాయి చెల్లకుండా పోతుంది.

స్క్రిప్టులో రెండు తలుపులు

డబ్ల్యూఎస్అడ్మిన్‌లో మనకు ఇక్కడ కావలసిన ఆబ్జెక్టులు అడ్మిన్‌కంట్రోల్, అడ్మిన్‌కాన్ఫిగ్, అడ్మిన్‌టాస్క్. పైన చెప్పిన ప్రాపర్టీస్ ఫైళ్ల పని అడ్మిన్‌టాస్క్‌ది. మిగతా రెండింటి మధ్య తేడాయే ఈ వ్యాసం శీర్షిక. అడ్మిన్‌కంట్రోల్ నడుస్తున్న సర్వర్‌తో మాట్లాడుతుంది: ట్రేస్‌సర్వీస్ ఎంబీన్‌ను (జేఎంఎక్స్ ద్వారా అందే నియంత్రణ ఆబ్జెక్టును) పట్టుకుని, దాని ట్రేస్‌స్పెసిఫికేషన్ విలువ మారిస్తే ఆ క్షణమే ట్రేస్ మొదలవుతుంది, రీస్టార్ట్‌తో మాయమవుతుంది. అడ్మిన్‌కాన్ఫిగ్ డిస్క్ మీదిదానితో మాట్లాడుతుంది: స్టార్టప్‌ట్రేస్‌స్పెసిఫికేషన్ మార్చి సేవ్ చేస్తే రీస్టార్ట్ తరువాతే అమల్లోకి వస్తుంది, మళ్లీ మార్చేదాకా ఉంటుంది. రెండు విలువలకూ వేర్వేరు పేర్లు పెట్టింది ఇందుకే, ఒకదానికి ముందు స్టార్టప్ అనే మాట ఉంది. అడ్మిన్ కన్సోల్‌లో కూడా కాన్ఫిగరేషన్, రన్‌టైమ్ అని రెండు ట్యాబ్‌లు ఉంటాయి. రన్‌టైమ్ మార్పును కాన్ఫిగరేషన్‌లోనూ సేవ్ చెయ్యమని చెప్పే చిన్న టిక్ పెట్టె కూడా ఉంటుంది. ఆ పెట్టెలో టిక్ ఉందో లేదో చూడకుండా ఓకే నొక్కేవాళ్లే ఎక్కువ.

ఎంబీన్‌ను పట్టుకునే చోట ఒక గొయ్యి ఉంది. కంప్లీట్ఆబ్జెక్ట్‌నేమ్ అనే కమాండ్‌కు టైప్ ట్రేస్‌సర్వీస్, ప్రాసెస్ సర్వర్1 అని ఇస్తే, సరిపోయే ఎంబీన్లు ఎన్ని ఉన్నా మొదట దొరికినదానినే తిరిగి ఇస్తుంది. రెండు నోడ్లలోనూ సర్వర్1 అనే పేరే ఉన్న ఒక చోట మేము ఇలాగే ట్రేస్ ఆన్ చేసి, ఒక నోడ్ ట్రేస్ ఫైల్ ముందు కూర్చుని మధ్యాహ్నమంతా ఎదురుచూశాం. ట్రేస్ అంతా రెండో నోడ్‌లో పడుతోంది. నోడ్ పేరు కూడా ఇవ్వాలి, లేదా క్వెరీనేమ్స్‌తో అన్నిటినీ తెప్పించుకుని ఎన్ని వచ్చాయో లెక్క చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

స్క్రిప్టుతో నిజమైన లాభం ట్రేస్ ఆన్ చెయ్యడంలో కాదు, ఆపడంలో ఉంది. ఆన్ చెయ్యడానికి కన్సోల్‌లో నాలుగు క్లిక్కులు చాలు. మేము ఇప్పుడు వాడే జైథాన్ (జావా మీద నడిచే పైథాన్) స్క్రిప్టు మొదట గెట్‌అట్రిబ్యూట్‌తో పాత విలువను తీసి దాచుకుంటుంది, కొత్త ట్రేస్ స్ట్రింగ్ పెడుతుంది, ఇచ్చినన్ని నిమిషాలు నిద్రపోతుంది, తప్పు జరిగినా చివర్లో నడిచే ఫైనల్లీ భాగంలో పాత విలువను తిరిగి పెడుతుంది. మధ్యలో స్క్రిప్టులో తప్పు దొర్లినా పాత విలువ వెనక్కి వస్తుంది. వెబ్‌స్ఫియర్ 8.5లో ఉన్నది జైథాన్ 2.1 కాబట్టి తప్పును పట్టుకునే ఎక్సెప్ట్, ఫైనల్లీ రెండూ ఒకే ట్రైకి తగిలించడం కుదరదు, ఒక ట్రై లోపల మరో ట్రై పెట్టుకోవాలి, 9.0లో మామూలుగా వచ్చేది జైథాన్ 2.7, అక్కడ ఈ బాధ లేదు. ఈ ఏర్పాటుకూ హద్దు ఉంది. డబ్ల్యూఎస్అడ్మిన్ ప్రాసెస్‌ను ఎవరైనా బలవంతంగా చంపేస్తే ఫైనల్లీ నడవదు. సర్వర్ మరీ మొద్దుబారి ఉంటే వెనక్కి పెట్టే కాల్ కూడా సర్వర్‌తో స్క్రిప్టు మాట్లాడే సోప్ పద్ధతి టైమవుట్‌కు, అంటే మనం మార్చకపోతే 180 సెకన్లకు, బలి కావచ్చు. అందుకే ఫైనల్లీ తరువాత విలువను మళ్లీ చదివి తెర మీద చూపించే ఒక వరుసను ఆ స్క్రిప్టు చివర పెట్టాం.

వెబ్‌స్ఫియర్ 8.0తో వచ్చిన హెచ్‌పీఈఎల్ (హై పెర్ఫార్మెన్స్ ఎక్స్‌టెన్సిబుల్ లాగింగ్) పద్ధతిని ఎంచుకున్న సర్వర్లలో లాగ్, ట్రేస్ రెండూ బైనరీ రూపంలో నిల్వ అవుతాయి, వాటిని లాగ్‌వ్యూయర్ కమాండ్‌తో చదవాలి. అక్కడ స్టార్టప్ ట్రేస్ విలువ ఉండేది వేరే కాన్ఫిగరేషన్ ఆబ్జెక్టులో. పాత స్క్రిప్టు ట్రేస్‌సర్వీస్‌ను మార్చి, సేవ్ చేసి, సక్సెస్ అని చెప్పి వెళ్లిపోతుంది, సర్వర్ మాత్రం పాత దారినే పోతుంది.

ఫైల్ ఎంత, ఎంతసేపు

వెబ్‌స్ఫియర్ ట్రేస్ ఫైల్ మామూలుగా 20 ఎంబీ, దానికి ఒక్క పాత ప్రతి. మొత్తం 40 ఎంబీ అన్నమాట. సీజన్ రద్దీలో ఆల్ స్థాయి ట్రేస్‌కు ఇది చాలదు. గుమాస్తా ఫోన్ చేసి మనం లాగిన్ అయ్యేలోపే కావలసిన వరుసలు దొర్లిపోతాయి. 100 ఎంబీ ఫైళ్లు, 10 పాత ప్రతులు పెట్టుకుంటే ఒక సర్వర్‌కు 1100 ఎంబీ. అదే మెషిన్ మీద నాలుగు సర్వర్లుంటే 4400 ఎంబీ. ఈ గుణకారం ముందే చేసుకుని డిస్క్‌లో ఖాళీ చూసుకోవాలి, ముఖ్యంగా లాగ్‌లూ డేటాబేస్ ఫైళ్లూ ఒకే డ్రైవ్‌లో ఉన్న చిన్న సంస్థల దగ్గర. ఫైల్ పరిమాణాన్ని కూడా నడుస్తున్న సర్వర్‌లో మార్చుకోవచ్చు: ట్రేస్‌సర్వీస్ ఎంబీన్‌లోని సెట్‌ట్రేస్‌అవుట్‌పుట్‌టుఫైల్‌కు ఫైల్ పేరు, పరిమాణం, ప్రతుల సంఖ్య, ఫార్మాట్ ఇస్తే చాలు.

సమస్య ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు మెమరీ బఫర్ మంచి దారి. ట్రేస్ డిస్క్‌కు పోకుండా మెమరీలో చుట్టూ తిరుగుతూ ఉంటుంది. మామూలుగా 8 వేల నమోదులు పడతాయి, పాతవి పోతూ కొత్తవి వస్తుంటాయి. తెర నిలిచిపోయిందని తెలిసిన క్షణాన ఒక స్క్రిప్టుతో ఆ బఫర్‌ను ఫైల్‌లోకి దింపుకుంటే చివరి క్షణాల చిత్రం చేతికొస్తుంది. అయితే ప్రాసెస్ చనిపోతే బఫర్ కూడా దానితోపాటే పోతుంది.

ట్రేస్‌లో ఏమేమి పడతాయో కూడా చూడాలి. మెథడ్‌కు వెళ్లిన విలువలన్నీ అందులో ఉంటాయి, రైతు ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, ఒక్కోసారి పాస్‌వర్డు కూడా. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక అలాంటి ఫైల్‌ను వాట్సాప్‌లో పంపుకోవడం సరదా పని కాదు.

ఇంతకీ ఆ రెండు నిమిషాల జాప్యం ఏమిటంటే, ట్రేస్‌లో అది రెండే వరుసల్లో దొరికింది. వెబ్‌స్ఫియర్ ట్రేస్ వరుసలో సమయం తరువాత ఎనిమిది స్థానాల థ్రెడ్ (సర్వర్ లోపల ఒక పనిని నడిపే ధార) సంఖ్య, క్లాస్ పేరు, ఆ పక్కన ఒక గుర్తు ఉంటాయి: మెథడ్‌లోకి వెళితే > అని, బయటికి వస్తే < అని. 00000087 అనే థ్రెడ్, ఫ్రీపూల్ క్లాస్‌లోని క్రియేట్ఆర్‌వెయిట్‌ఫర్‌కనెక్షన్ అనే మెథడ్‌లోకి వెళ్లిన > వరుస ఉంది, అదే థ్రెడ్ బయటికి వచ్చిన < వరుస 137 సెకన్ల తరువాత ఉంది. పూల్‌లో మామూలుగా ఉండే గరిష్ఠ కనెక్షన్లు 10, కనెక్షన్ కోసం ఎదురుచూసే గడువు 180 సెకన్లు. గడువు దాటి ఉంటే మామూలు లాగ్‌లోనే ఎర్రర్ పడేది. దాటకముందే కనెక్షన్ దొరికింది కాబట్టి లాగ్ మాట్లాడలేదు. ఆ 10 కనెక్షన్లనూ పట్టుకుని కూర్చున్నది యజమాని గదిలోని సీజన్ రిపోర్టు. అది రావడానికి రెండు నిమిషాలకు పైగా పడుతోంది, రావడం లేదని ఆయన మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు, నొక్కిన ప్రతిసారీ ఒక కనెక్షన్ పోతోంది. రిపోర్టుకు వేరే డేటాసోర్స్, అంటే వేరే కనెక్షన్ పూల్, పెట్టి, ఒకసారి నొక్కాక బటన్ పని చెయ్యకుండా చేస్తే గేటు దగ్గర లారీలు కదిలాయి.

ఏప్రిల్ నాటి దెబ్బ తరువాత ఇంకో చిన్న స్క్రిప్టు రాసుకున్నాం. ప్రతి సోమవారం ఉదయం అది మేము చూసే ప్రతి సర్వర్‌లోనూ అడ్మిన్‌కంట్రోల్‌తో నడుస్తున్న విలువనూ, అడ్మిన్‌కాన్ఫిగ్‌తో స్టార్టప్ విలువనూ చదువుతుంది. మొదట్లో ఆ రెండింటినీ అక్షరం అక్షరం పోల్చేది, దానితో ఏ తేడా లేని సర్వర్ల పేర్లూ వచ్చేవి, ఎందుకంటే తరువాతి నియమం కొట్టివేసిన ముక్కలను సర్వర్ తీసేసి ఇస్తుంది, ఫైల్లో మాత్రం అవి అలాగే ఉంటాయి. ఇప్పుడు రెండు విలువలనూ కోలన్ దగ్గర విడగొట్టి, *=ఇన్ఫో కాకుండా ఇంకేదైనా ఎటువైపు మిగిలినా ఆ సర్వర్ పేరు, మిగిలిన ముక్క, అది నడుస్తున్నదాంట్లో ఉందా రాసిపెట్టినదాంట్లో ఉందా అన్నది మాత్రమే అచ్చు వేస్తుంది.